యాంటీవైరస్ గడువు అయిపోయింది, రెన్యూ చేయాలా? విండోస్‌తో వచ్చేది చాలా?

వానచుక్క:
అందరికీ నమస్కారం. ఇంట్లో అందరం వాడే ల్యాప్‌టాప్ ఒకటి ఉంది, విండోస్ 11. కొన్నప్పుడే అందులో ఒక యాంటీవైరస్ వేసి ఇచ్చారు. దాని గడువు ఈ మధ్యే అయిపోయింది. అప్పటి నుంచి స్క్రీన్ కుడి మూలలో ఎర్రటి హెచ్చరికలు వస్తున్నాయి, "మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే రెన్యూ చేయండి" అని. నొక్కితే డబ్బు కట్టే పేజీ తెరుచుకుంటోంది. నాన్నగారు బ్యాంకు పనులు కూడా ఇందులోనే చూసుకుంటారు, అందుకే టెన్షన్‌గా ఉంది. డబ్బు కట్టి దీన్నే రెన్యూ చేయాలా, విండోస్‌తో వచ్చేది సరిపోతుందా? ఆ 5 వైరస్‌ల మాట నిజమేనా?

సున్నాఒకటి:
ముందు మీ చివరి ప్రశ్న. ఆ హెచ్చరిక మీద ఇక నొక్కకండి. మళ్లీ వచ్చినప్పుడు దాని అంచున చిన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరు గానీ, ఏదైనా సైటు చిరునామా గానీ ఉందేమో చూసి చెప్పండి. నిజమైన యాంటీవైరస్ ఏదైనా పట్టుకుంటే ఏ ఫైలు, ఏ ఫోల్డరులో దొరికింది, దాన్ని ఏం చేసింది అన్నది చూపిస్తుంది. వివరం ఏమీ లేకుండా ఒక అంకె చెప్పి భయపెట్టి, నేరుగా డబ్బు పేజీకి తీసుకెళ్లేది చాలాసార్లు బ్రౌజర్ నోటిఫికేషనే.

వానచుక్క:
చూశానండీ. క్రోమ్ గుర్తు ఉంది. దాని పక్కన అర్థంపర్థం లేని అక్షరాలతో ఏదో సైటు పేరు ఉంది. మా యాంటీవైరస్ కంపెనీ పేరు కాదు.

సున్నాఒకటి:
అదే అనుకున్నాను. అది వైరస్ కాదు, ప్రకటన. ఎప్పుడో ఎవరో ఏదో సైటు తెరిచినప్పుడు "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడిగి ఉంటుంది, అలౌ పడి ఉంటుంది. అలా ఒక్కసారి అనుమతి దొరికితే ఆ సైటు మూసేసినా మీ డెస్క్‌టాప్ మీదికి మాటలు పంపుతూనే ఉంటుంది.

క్రోమ్‌లో సెట్టింగ్స్ తెరిచి, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ చూడండి. అనుమతి ఉన్న సైట్ల జాబితా ఉంటుంది. మీకు తెలియని ప్రతిదాన్నీ తీసేయండి. అక్కడే "ఏ సైటూ నోటిఫికేషన్లు పంపకూడదు" అన్న ఎంపిక కూడా ఉంటుంది. అందరూ వాడే కంప్యూటర్‌లో అదే పెట్టడం మంచిది. అలాగే ఎక్స్‌టెన్షన్ల (బ్రౌజర్‌లో అదనంగా వేసే చిన్న ప్రోగ్రామ్‌ల) జాబితా ఒకసారి చూసి, ఎవరు ఎందుకు వేశారో తెలియనివి తీసేయండి.

ఇక రెన్యూ సంగతి. నా సలహా, వద్దు. మైక్రోసాఫ్ట్ డిఫెండర్ విండోస్ 8 నుంచి, అంటే 2012 నుంచి పూర్తి యాంటీవైరస్‌గా విండోస్‌తోపాటే వస్తోంది. మొదట్లో పరీక్షల్లో వెనకబడేది, నిజమే. కానీ ఏవీ-టెస్ట్, ఏవీ-కంపారిటివ్స్ లాంటి స్వతంత్ర ల్యాబ్‌ల ఫలితాల్లో కొన్నేళ్లుగా డబ్బు కట్టేవాటికి దీటుగానే నిలుస్తోంది.

గడువు తీరినదాన్ని మాత్రం అలాగే ఉంచకండి. వేరే యాంటీవైరస్ ఉంటే డిఫెండర్ తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. ఆ పాతదేమో కొత్త వైరస్‌ల సమాచారం తెచ్చుకోవడం మానేసి ఉంటుంది. అంటే పేరుకు కాపలా ఉన్నట్టే ఉంటుంది, పని జరగదు. పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. మొండికేస్తే ఆ కంపెనీ సొంత సైటులో రిమూవల్ టూల్ దొరుకుతుంది. తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి రియల్ టైమ్ ప్రొటెక్షన్, ట్యాంపర్ ప్రొటెక్షన్ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. ఫుల్ స్కాన్ ఒకటి పెట్టండి. అనుమానం తీరకపోతే డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది. అది విండోస్ పూర్తిగా లేవకముందే వెతుకుతుంది కాబట్టి, విండోస్ నడుస్తున్నప్పుడు దాక్కునేవి కూడా దొరికే అవకాశం ఎక్కువ.

నీలికాగితం:
సున్నాఒకటి గారూ, రెన్యూ అక్కర్లేదన్న మాట అందరికీ వర్తిస్తుందని నేను అనుకోను. డిఫెండర్ పక్కనుండే స్మార్ట్‌స్క్రీన్ మోసపు సైట్లను ఆపేది ఎక్కువగా ఎడ్జ్ బ్రౌజర్‌లో. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ మీద ఆధారపడతాయి. డబ్బు కట్టే ప్యాకేజీల్లో అన్ని బ్రౌజర్లకూ కలిపి మరో వడపోత ఉంటుంది, ఫోన్లకూ అదే ఖాతా పనిచేస్తుంది, ఏదైనా అయితే అడగడానికి ఒక మనిషి ఉంటాడు. పెద్దవాళ్లు ఒంటరిగా వాడుకునే సిస్టమ్‌కి ఆ చివరిది చిన్న విషయం కాదు.

అయితే ఆ ప్యాకేజీల్లో కలిపి అమ్మే పీసీ క్లీనర్, రిజిస్ట్రీ క్లీనర్, స్పీడ్ బూస్టర్ లాంటివాటి కోసం మాత్రం ఎవరూ డబ్బు పెట్టనక్కర్లేదు.

సున్నాఒకటి:
అడగడానికి మనిషి ఉండాలన్నది ఒప్పుకుంటాను. ఇంట్లో తెలిసినవాళ్లు ఎవరూ లేకపోతే ఆ సాయానికి విలువ ఉంది. వానచుక్క గారింట్లో ఆవిడే ఉన్నారు కదా అని అలా చెప్పాను. ఏది పెట్టుకున్నా ఒక్కటే పెట్టుకోవాలి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి ప్రతి ఫైలునూ పట్టి చూస్తుంటే సిస్టమ్ నెమ్మదిస్తుంది, ఒకదాని పనికి ఇంకొకటి అడ్డుపడుతుంది.

క్లీనర్ల మాట ఎత్తారు కాబట్టి: 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి దాడి చేసినవాళ్లు తమ కోడ్ చొప్పించారు. అధికారిక సైటులోనే, కంపెనీ డిజిటల్ సంతకంతోనే అది లక్షల కంప్యూటర్లలోకి వెళ్లింది. వేసే ప్రతి ప్రోగ్రామ్‌తోపాటు దాన్ని తయారుచేసినవాళ్ల భద్రత మీద కూడా మనం ఆధారపడుతున్నాం. అవసరం లేనిది వేయకపోవడమే మేలు.

తూర్పుగాలి:
అందరూ యాంటీవైరస్ గురించే మాట్లాడుతున్నారు, అప్‌డేట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో ముందు రావాల్సింది అదే. వానాక్రై అనే వైరస్ దాడి 2017 మే 12న మొదలైంది. 150కి పైగా దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లను తాళం వేసి డబ్బు అడిగింది. అది దూరిన కంతకు మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14నే ప్యాచ్ ఇచ్చింది. అంటే దాదాపు రెండు నెలల ముందే మందు సిద్ధంగా ఉంది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. పైగా అది ఎవరూ ఏమీ నొక్కకుండానే నెట్‌వర్క్ మీద ఒకదాన్నుంచి ఇంకొకదానికి పాకింది. నేను జాగ్రత్తగానే ఉంటాను, దేనిమీదా నొక్కను అనుకునేవాళ్లకు కూడా అప్‌డేట్ ఎందుకు కావాలో దీన్ని చూస్తే తెలుస్తుంది.

"అప్‌డేట్ చేస్తే నెమ్మదిస్తుంది" అని ఆపేసేవాళ్లు చాలామంది. రీస్టార్ట్ ఇబ్బందైతే యాక్టివ్ అవర్స్ పెట్టుకోండి, ఆ వేళల్లో తనంతట తాను రీస్టార్ట్ కాదు. అప్‌డేట్‌ని మాత్రం ఆపకండి. విండోస్ ఒక్కటే కాదు, బ్రౌజర్ కూడా. బ్రౌజర్ తనే దించుకుంటుంది కానీ మూసి తెరిస్తేనే అమల్లోకి వస్తుంది. రోజుల తరబడి ట్యాబ్‌లు మూయనివాళ్లు పాత వెర్షన్‌లోనే తిరుగుతుంటారు.

అక్షరాలబుట్ట:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాది విండోస్ 10, ప్రాసెసర్ పాతది, 11 వేసుకోనివ్వడం లేదు. డిఫెండర్ రోజూ అప్‌డేట్ అవుతూనే ఉంది. అంటే భయం లేనట్టేనా?

తూర్పుగాలి:
లేదండీ, అవి రెండూ వేరు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్‌కి వైరస్‌ల సమాచారం 2028 అక్టోబర్ వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది కాబట్టి మీకు అది వస్తూనే ఉంటుంది. కానీ అది తెలిసిన వైరస్‌లను గుర్తుపట్టడానికి. విండోస్‌లోనే కొత్తగా కంత బయటపడితే దాన్ని పూడ్చేది సెక్యూరిటీ అప్‌డేట్. అది ఆగిపోయింది.

మీరు ఇప్పుడు చేయగలిగింది, ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో నమోదు కావడం. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఉంటుంది, మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ కావాలి. 2026 అక్టోబర్ 13 దాకా అప్‌డేట్లు వస్తాయని ఆ పథకం ప్రకటించారు. ఆ తర్వాత కొత్త యంత్రమైనా కొనాలి, లేదా ఇదే యంత్రం మీద విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ లాంటిది వేసుకోవాలి. బ్రౌజింగ్, ఈమెయిల్, కాగితాల పని వరకైతే పాత యంత్రం మీద లినక్స్ చక్కగా నడుస్తుంది. ప్రాసెసర్ అంగీకరించకపోయినా అడ్డదారిలో 11 వేసే చిట్కాలు దొరుకుతాయి. అలా వేసినదానికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే అంటోంది. బ్యాంకు పనులు చేసే సిస్టమ్‌కి నేనైతే ఆ దారి చెప్పను.

పిల్లగాలి:
డిఫెండర్ ఆన్‌లో ఉందని చూపిస్తోంది. కానీ నిజంగా పట్టుకుంటుందా లేదా అని ఎలా తెలుసుకోవాలి? వైరస్ తెచ్చి పరీక్షించలేం కదా.

సున్నాఒకటి:
దానికోసమే ఐకార్ పరీక్ష ఫైలు ఉంది. 68 అక్షరాల మామూలు పాఠం, ఏ హానీ చేయదు. యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌గా లెక్కించి పట్టుకోవాలని ఒప్పందం. ఐకార్ సంస్థ సైటు నుంచి దించడానికి ప్రయత్నిస్తే డిఫెండర్ వెంటనే అడ్డుకోవాలి. అడ్డుకుంటే కాపలా మేలుకుని ఉందని తెలుస్తుంది. కొత్త వైరస్‌ని పట్టగలదా లేదా అన్నది మాత్రం దీనివల్ల తేలదు.

రాత్రిదీపం:
ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్ అన్నారు కాబట్టి ఒక విషయం గట్టిగా చెప్పాలనిపించింది. 2024 నుంచి బాగా పెరిగిన మోసం ఇది, క్లిక్‌ఫిక్స్ అంటున్నారు. ఏదో సైటు తెరుస్తారు. "మీరు రోబో కాదని నిరూపించండి" అని మామూలుగా కనిపించే పెట్టె వస్తుంది. టిక్ పెట్టగానే మూడు పనులు చేయమంటుంది. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్ వీ, తర్వాత ఎంటర్. టిక్ పెట్టినప్పుడే ఆ పేజీ మీకు తెలియకుండా ఒక కమాండ్‌ని క్లిప్‌బోర్డులోకి కాపీ చేసి ఉంటుంది. విండోస్ కీ, ఆర్ నొక్కితే రన్ పెట్టె తెరుచుకుంటుంది, కంట్రోల్ వీతో ఆ కమాండ్ అందులో పడుతుంది, ఎంటర్‌తో నడుస్తుంది. ఆ కమాండ్ బయటి నుంచి దొంగ ప్రోగ్రామ్‌ని దించుకుంటుంది.

ఇందులో ఫైలు డౌన్‌లోడ్ చేసి తెరిచిందేమీ లేదు, కాబట్టి బ్రౌజర్ హెచ్చరికలు అడ్డురావు. కమాండ్ ఇచ్చింది కంప్యూటర్ యజమానే. యాంటీవైరస్ కొన్నిసార్లు పట్టుకుంటుంది, కొన్నిసార్లు పట్టుకోదు. మీ ఇంట్లో అందరికీ చెప్పండి: ఏ నిజమైన సైటూ మనిషేనా అని తెలుసుకోవడానికి రన్ పెట్టె తెరవమనదు, టెర్మినల్ (కమాండ్‌లు టైప్ చేసే విండో) తెరవమనదు. మ్యాక్ వాడేవాళ్లకు టెర్మినల్ తెరిపించే రకం కూడా ఉంది.

ఇదే కోవలో ఇంకో గుర్తు. ఏదైనా వేసేటప్పుడు "ముందు యాంటీవైరస్ ఆపండి" అని సూచన ఉంటే అక్కడితో ఆగిపోవాలి. క్రాక్‌లు (డబ్బు కట్టకుండా ప్రోగ్రామ్‌లు వాడుకోవడానికి దొరికే దొంగ ఫైళ్లు), గేమ్ చీట్‌లతో వచ్చే సూచనల్లో ఇది మామూలు. జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ని పక్కనే రాసి పంపడం కూడా అందుకే. తాళం ఉన్న జిప్ లోపలికి స్కానర్ చూడలేదు.

నీలికాగితం:
రాత్రిదీపం గారు చెప్పింది బాగుంది. దీనికి ఒక సెట్టింగ్ జోడిస్తాను. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయండి. ఫైలు ఏ రకమో చెప్పే పేరు చివరి అక్షరాలు అవి, విండోస్ మామూలుగా వాటిని దాచేస్తుంది. పేరు చివర పీడీఎఫ్ అని కనిపించే ఫైలు నిజానికి ఈఎక్స్ఈ, అంటే ప్రోగ్రామ్ కావచ్చు. 2000 మేలో లోకమంతా తిరిగిన ఐలవ్‌యూ వైరస్ కూడా ఈ దాపరికాన్నే వాడుకుంది. టీఎక్స్‌టీ ఫైలులా కనిపించేది, అసలు చివరన వీబీఎస్ ఉండేది, అంటే తెరవగానే నడిచే స్క్రిప్ట్.

తూర్పుగాలి:
నా స్నేహితుడి తమ్ముడికి జరిగింది. ఏదో గేమ్ మాడ్ (ఆటను మార్చే అదనపు ఫైలు) వేశాడు. మర్నాటికి ఈమెయిల్ ఖాతా వేరేవాళ్ల చేతిలో ఉంది. పాస్‌వర్డ్ పెద్దదే, రెండో అంచె ధ్రువీకరణ కూడా ఉంది. కోడ్ ఎవరూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు. మరి ఎలా పోయింది అని ఇంట్లో అందరూ తలపట్టుకున్నారు.

సున్నాఒకటి:
కుకీ పోయి ఉంటుంది. లాగిన్ అయ్యాక సైటు మన బ్రౌజర్‌కి ఒక సెషన్ కుకీ ఇస్తుంది. లోపలికి వచ్చినవాళ్లకు చేతికిచ్చే గేటు పాస్ లాంటిది. అది ఉన్నంతకాలం మళ్లీ పాస్‌వర్డ్, కోడ్ అడగరు. ఇన్ఫోస్టీలర్ అనే రకం దొంగ ప్రోగ్రామ్‌లు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లతోపాటు ఈ కుకీలను కూడా ఎత్తుకుపోతాయి. వాళ్లు తమ బ్రౌజర్‌లో ఆ కుకీ పెట్టుకుంటే సైటుకి మీరే వచ్చినట్టు కనిపిస్తుంది.

ఇలా జరిగినప్పుడు వరుస ముఖ్యం. దెబ్బతిన్న కంప్యూటర్ నుంచి పాస్‌వర్డ్ మారిస్తే కొత్తది కూడా అక్కడినుంచే పోతుంది. ముందు ఫోన్ నుంచో, శుభ్రంగా ఉన్న మరో యంత్రం నుంచో ఖాతా తెరవాలి. అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయాలి, పాత కుకీలు చెల్లకుండా పోయేది దానితోనే. ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చాలి. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ ఈమెయిల్ మన పేరుమీదే ఉన్నాయా, మెయిల్ ఫార్వర్డింగ్ ఎవరైనా పెట్టారా అన్నది చూడాలి. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. ఖాతా తిరిగొచ్చినా ఉత్తరాలు ఇంకొకరికి పోతూనే ఉంటాయి. ఆ కంప్యూటర్‌ని స్కాన్‌తో సరిపెట్టకుండా, కావలసిన ఫైళ్లు తీసుకుని విండోస్ కొత్తగా వేయడం మేలు.

పిల్లగాలి:
పాస్‌వర్డ్‌ల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా అమ్మ అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఎంత చెప్పినా మానదు. తప్పే కదా?

రాత్రిదీపం:
తప్పని నేను అనను. దూరాన కూర్చుని దాడి చేసేవాడికి ఆ పుస్తకం అందదు. అన్ని ఖాతాలకూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోవడం దానికన్నా ఎంతో ప్రమాదం. ఎక్కడో ఒక సైటు నుంచి పాస్‌వర్డ్‌లు బయటపడితే వాటినే తీసుకుని ఈమెయిల్, బ్యాంకు, షాపింగ్ సైట్లన్నిట్లో యంత్రాలతో ప్రయత్నిస్తారు. అమ్మగారి పుస్తకంలో ప్రతి ఖాతాకూ వేరే పాస్‌వర్డ్ ఉంటే ఆవిడ చాలామందికన్నా భద్రంగా ఉన్నట్టే. పుస్తకం మాత్రం ల్యాప్‌టాప్ బ్యాగులో పెట్టకూడదు, ఇంట్లో ఒకచోట ఉండాలి.

మీకైతే పాస్‌వర్డ్ మేనేజర్ మంచిది. గుర్తుపెట్టుకోవడంతోపాటు ఇంకో పని కూడా చేస్తుంది. అది సైటు చిరునామా చూసి నింపుతుంది. బ్యాంకు పేజీని అచ్చంగా పోలిన దొంగ పేజీలో కంటికి తేడా తెలియకపోవచ్చు, మేనేజర్ మాత్రం నింపదు. ఎప్పుడూ తానే నింపేది ఇవాళ ఎందుకు నింపలేదు అని ఒక్క క్షణం ఆగితే చాలు. పాస్‌కీ (పాస్‌వర్డ్‌కు బదులు మన ఫోన్ లేదా కంప్యూటర్ తాళంతోనే లాగిన్ అయ్యే పద్ధతి) ఇచ్చే సైట్లలో అది పెట్టుకుంటే ఇంకా మంచిది, దాన్ని దొంగ పేజీలో వాడడం కుదరదు. తాళం గుర్తు ఉంది కాబట్టి మంచి సైటే అనుకోవద్దు. దాని అర్థం దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే. ఆ అపోహ వల్లే క్రోమ్ 2023లో ఆ గుర్తునే తీసేసింది.

ఇక మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న పాత నియమం గురించి బెంగ పడకండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే కారణం లేకుండా మార్పించొద్దని చెప్పింది. మార్చమని ఒత్తిడి చేస్తే జనం చివర ఒక అంకె మార్చి ఊరుకుంటారు. బయటపడిందని తెలిస్తే వెంటనే మార్చాలి, అంతే.

వానచుక్క:
ఇన్ని విషయాలు చెప్పినందుకు అందరికీ చాలా థ్యాంక్స్. క్రోమ్ జాబితాలో తెలియని సైట్లు చాలా ఉన్నాయి, అన్నీ తీసేశాను. హెచ్చరికలు ఆగిపోయాయి. పాత యాంటీవైరస్ తీసేసి రీస్టార్ట్ చేస్తే డిఫెండర్ తనే ఆన్ అయింది. ఫుల్ స్కాన్‌లో ఒక టూల్‌బార్ దొరికింది, తీసేసింది. నాన్నగారికి వేరే యూజర్ ఖాతా పెడితే ఉపయోగమా? ఇప్పుడు అందరం ఒకే అడ్మిన్ ఖాతాలో ఉన్నాం.

సున్నాఒకటి:
చాలా ఉపయోగం. అందరికీ విడివిడిగా స్టాండర్డ్ ఖాతాలు పెట్టండి, అడ్మిన్ ఖాతా ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. స్టాండర్డ్ ఖాతాలో ఉన్నప్పుడు సిస్టమ్‌ని మార్చే ప్రోగ్రామ్ ఏదైనా వేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు నాన్నగారు మిమ్మల్ని పిలుస్తారు. ఆ ఖాతాలోని సొంత ఫైళ్లను మాత్రం ఇది కాపాడదు, దానికి బ్యాకప్ కావాలి.

ఇంకొకటి నాన్నగారికి చెప్పి ఉంచండి. ఒక్కోసారి స్క్రీన్ మొత్తం నిండిపోయి, సైరన్ మోగుతూ, "మైక్రోసాఫ్ట్‌కి ఫోన్ చేయండి" అని నంబరు వస్తుంది. తన హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబరు ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజర్‌ని మూసేయాలి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని అడిగితే వద్దనాలి. ఫోన్‌లో ఎవరైనా ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్ వేసుకోమంటే ఫోన్ పెట్టేయాలి. అవి మంచి యాప్‌లే, కానీ ముక్కూమొహం తెలియనివాడికి మన స్క్రీన్ అప్పగించినట్టు అవుతుంది.

వానచుక్క:
బ్యాకప్‌కి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఉంది. ఎప్పుడూ ల్యాప్‌టాప్‌కే తగిలించి ఉంచుతాం, దానంతట అదే కాపీ అవుతుందని. ఫొటోలు వన్‌డ్రైవ్‌లో కూడా ఉన్నాయి. ఇక చాలా?

తూర్పుగాలి:
డిస్క్ తీసి పక్కన పెట్టండి. వానాక్రై లాంటి రాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగేది) వస్తే తగిలించి ఉన్న ప్రతి డ్రైవునూ తాళం వేస్తుంది, బ్యాకప్‌తో సహా. వారానికోసారి తగిలించి, కాపీ అయ్యాక సేఫ్‌గా ఎజెక్ట్ చేసి తీసేయండి. వన్‌డ్రైవ్ మంచిదే, కానీ అది సింక్. ఇక్కడ ఫైలు పాడైతే అక్కడా పాడైనదే చేరుతుంది. పాత వెర్షన్‌లు కొంతకాలం ఉంచుతుంది కాబట్టి వెనక్కి తెచ్చుకునే వీలుంటుంది, కానీ దానిమీదే ఆధారపడొద్దు.

డిఫెండర్‌లో రాన్‌సమ్‌వేర్ ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఉంటుంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను తెలియని ప్రోగ్రామ్‌లు మార్చలేవు. ఒక్కోసారి మంచి ప్రోగ్రామ్‌ని కూడా ఆపుతుంది, అప్పుడు దాన్ని అనుమతి జాబితాలో చేర్చాలి. మొదటి వారం కొంచెం విసుగు పుట్టిస్తుంది.

నీలికాగితం:
డిస్క్ తీసేముందు ఒక పని చేయండి. అందులోంచి ఏదో ఒక పాత ఫొటో, ఒక డాక్యుమెంటు వేరే ఫోల్డరులోకి కాపీ చేసి తెరిచి చూడండి. ఎప్పటిదాకా కాపీ అయిందో తేదీ కూడా చూడండి. దానంతట అదే అవుతోందని నమ్మిన బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయి ఉండడం నేను చాలామంది దగ్గర చూశాను.

వానచుక్క:
చూశాను నీలికాగితం గారూ. ఫొటోలు తెరుచుకుంటున్నాయి కానీ చివరి కాపీ పాత తేదీతో ఉంది, డిస్క్ నిండిపోయింది. ఇవాళే ఖాళీ చేసి మళ్లీ మొదలుపెడతాను.